అరగంట పనిచేసి గంటసేపు మూగబోయే మెయిల్: ఒక కేస్ స్టడీ

ఈ కేసు మా విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్‌కు వచ్చినది. శాఖ, మనుషులు, తేదీలు గుర్తుపట్టేలా ఉన్నవన్నీ తీసేశాను. పోర్టు నంబర్లు (సర్వర్‌లో ఒక్కో పనికి ఉండే తలుపు నంబరు), లాగ్‌లో (సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టాలో) కనిపించిన తీరు, మేం చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టాను. పరిష్కారం చూస్తే ఐదు నిమిషాల పని. అక్కడికి చేరడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది. వాటిలో సగం రోజులు మేం వేసిన మందుల వల్ల పుట్టిన కొత్త రోగాలకే సరిపోయాయి. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

మా మెయిల్ మా సొంత సర్వర్ మీదే నడుస్తుంది. పంపడానికి పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాం, చదువుకోవడానికి డవ్‌కాట్, పైన బ్రౌజర్‌లోనే మెయిల్ చూసుకునే వెబ్‌మెయిల్ ఒకటి. పాత సర్వర్ చాలా ఏళ్ళు పెద్దగా నియమాలేవీ లేకుండా నడిచింది. పాప్ (ఉత్తరాలను మన మిషన్‌లోకి దించుకునే పద్ధతి) 110 మీద, ఐమ్యాప్ (సర్వర్‌లోనే ఉంచి చదువుకునే పద్ధతి) 143 మీద ఎన్‌క్రిప్షన్ లేకుండానే లాగిన్ కానిచ్చేది. క్యాంపస్ లోపల నుంచైతే 25వ పోర్టు మీద పాస్‌వర్డ్ కూడా అడగకుండా ఉత్తరం పుచ్చుకునేది.

కొత్త సర్వర్‌కు మారినప్పుడు ఇదంతా ఒక్కసారిగా బిగించాం. కనెక్షన్‌ను దారిలో ఎవరూ చదవకుండా మూసి ఉంచే టీఎల్‌ఎస్‌లో 1.0, 1.1 వెర్షన్లు రెండిటినీ 2021లో ఆర్‌ఎఫ్‌సీ 8996 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం అధికారికంగా పక్కన పెట్టేసింది కాబట్టి కనీసం 1.2 ఉండాలన్నాం. చదవడానికి ఐమ్యాప్ 993, పాప్ కావాలంటే 995. పంపడానికి 587 మీద స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా మొదలై తర్వాత టీఎల్‌ఎస్‌కు మారేది), లేదా 465 మీద మొదటినుంచీ టీఎల్‌ఎస్. (465 కథ తమాషాగా ఉంటుంది. 1990ల చివర్లో ఇచ్చినట్టే ఇచ్చి రద్దు చేశారు. అయినా జనం వాడటం మానలేదు. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్ని మళ్ళీ దర్జాగా లోపలికి పిలిచింది. పాత పుస్తకాల్లో ‘465 వాడకండి’ అని, కొత్తవాటిలో ‘465 వాడండి’ అని ఉండటానికి కారణం ఇదే.) సర్వర్ పేరు కూడా మారింది. పాత పేరు కొన్ని నెలలపాటు కొత్త మిషన్‌కే చూపించేలా ఉంచాం గానీ, సర్వర్ తన గుర్తింపుగా చూపించే సర్టిఫికెట్‌లో కొత్త పేరు ఒక్కటే ఉంది. అందరూ పాస్‌వర్డ్‌లు కొత్తవి పెట్టుకోవాల్సి వచ్చింది.

కొత్త సర్వర్‌తో పాటు ఇంకొకటి కూడా వచ్చింది, ఫెయిల్‌టుబ్యాన్. ఇది లాగ్‌ను చదువుతూ కూర్చుంటుంది. ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి తప్పు లాగిన్లు వరసగా పడితే ఫైర్‌వాల్‌లో ఆ చిరునామాకు తలుపు వేసేస్తుంది. మేం పెట్టిన లెక్క: గంటలో 5 తప్పులైతే గంటసేపు మూత. క్యాంపస్ లోపలి చిరునామాలకు మినహాయింపు ఇచ్చాం, ఎందుకంటే ఒక్క ల్యాబ్ మొత్తం ఒకే చిరునామా వెనక ఉంటుంది, ఒకరి తప్పుకు నలభై మంది శిక్ష అనుభవించకూడదు కదా. మూత మెయిల్ పోర్టులకే, వెబ్‌మెయిల్‌కు కాదు. ఈ మూడు నిర్ణయాలూ విడివిడిగా చూస్తే సబబైనవే. కలిపి చూసినప్పుడు ఎలా కనిపిస్తాయో మాలో ఎవరం ఆలోచించలేదు.

వచ్చిన ఫిర్యాదు

సర్వర్ మారిన సోమవారం ఒక సీనియర్ ప్రొఫెసర్ మేడమ్ ల్యాప్‌టాప్ తీసుకుని స్వయంగా వచ్చారు. మా జూనియర్ కుర్రాడు థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో 993, 587 పెట్టి, కొత్త పాస్‌వర్డ్ ఎక్కించి, ఒక మెయిల్ పంపించి, ఒకటి తెప్పించి చూపించాడు. ఆ మధ్యాహ్నమే వాళ్ళ శాఖ ఆఫీసుకు వెళ్ళి ఆవిడ మెయిల్ పెట్టి ఉన్న అక్కడి డెస్క్‌టాప్ కూడా సరిచేశాడు. అందులో ఉన్న మెయిల్ ప్రోగ్రాం చాలా పాతది, టీఎల్‌ఎస్ 1.2 దానికి తెలియదు. తీసేసి కొత్తది వేశాడు. ఇంతకుముందు పాప్ ఉంది కాబట్టి ఇప్పుడూ పాప్ పెట్టాడు. 110 తీసి 995 రాశాడు, అంతే తేడా. ఈ డెస్క్‌టాప్ సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ రాత్రి మేడమ్ ఇంటి నుంచి ఫోన్ చేశారు.

‘బాబూ, ఇక్కడ తీసుకోవడం లేదు.’

‘మేడమ్, ఒకసారి వెబ్‌మెయిల్‌లో చూడండి.’

‘అందులో వస్తోంది. దీంట్లోనే తీసుకోవడం లేదు.’

‘సరే మేడమ్, పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఇస్తాను.’

ఆవిడ అన్నది ‘తీసుకోవడం లేదు’ అని. మావాడు విన్నది ‘పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు’ అని. ఆ ఒక్క మాట అతను మనసులో కలుపుకున్నాడు. అతన్ని తప్పుపట్టను, రోజుకు ముప్పై ఫోన్లు పాస్‌వర్డ్ గురించే వస్తుంటే చెవి అలాగే అలవాటుపడుతుంది. కానీ ఆ రాత్రి ఆవిడ తెర మీద ఉన్నది పాస్‌వర్డ్ అడిగే పెట్టె కాదు. ‘సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోయాం, కనెక్షన్ తిరస్కరించారు’ అన్న సందేశం. ఇది నాకు తొమ్మిదో రోజున తెలిసింది.

చేసి చూసినవి

మొదటిది పాస్‌వర్డ్ మార్చడం. మార్చినందువల్ల సమస్య పోలేదు సరికదా, రూపం మారింది. థండర్‌బర్డ్ తెచ్చే ఐమ్యాప్‌కు ఒక పాస్‌వర్డ్, పంపే ఎస్‌ఎంటీపీకి ఒక పాస్‌వర్డ్ విడివిడిగా దాచుకుంటుంది. సోమవారం దాచుకున్నవి రెండూ మంగళవారానికి పాతబడ్డాయి. దాంతో ఇప్పుడు నిజంగానే పాస్‌వర్డ్ అడగడం మొదలైంది. ఒకచోట కొత్తది ఇచ్చారు, రెండోచోట అడిగినప్పుడు ‘ఇప్పుడే ఇచ్చాను కదా’ అని క్యాన్సిల్ కొట్టారు. మెయిళ్ళు వస్తున్నాయి, వెళ్ళడం లేదు. ఆఫీసు డెస్క్‌టాప్ కూడా ఆగిపోయింది, దాని సంగతి గురువారం దాకా మాకెవరూ చెప్పలేదు. అంటే తాళం ఒక్కటి మార్చి, పనిచేస్తున్న తాళంచెవులన్నీ పనికిరాకుండా చేశాం. అసలు రోగం ఏదో తెలియకముందే లక్షణాలను కలగాపులగం చేసుకున్నాం.

బుధవారం రాత్రి మేడమ్ తనే సెట్టింగ్స్‌లోకి దిగారు. అక్కడ ‘ఆథెంటికేషన్ మెథడ్’ అన్నచోట ‘నార్మల్ పాస్‌వర్డ్’ అని ఉంది, కింద ‘ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్’ అని ఉంది. విశ్వవిద్యాలయం భద్రత పెంచిందని సర్క్యులర్ వచ్చింది, కాబట్టి ఎన్‌క్రిప్టెడ్ అన్నదే సరైనదై ఉంటుందని మార్చారు. ఆలోచనలో తప్పేం లేదు, పేర్లు పెట్టినవాళ్ళదే తప్పు. ‘నార్మల్’ అంటే పాస్‌వర్డ్ బయటికి కనిపించేలా పోతుందని కాదు. 993 మీద గొట్టం మొత్తం టీఎల్‌ఎస్‌తో మూసి ఉంటుంది, ఆ మూసిన గొట్టం లోపల పాస్‌వర్డ్ మామూలుగా వెళుతుంది. ‘ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్’ అన్నది క్రామ్-ఎండీ5 లాంటి 1990ల నాటి పద్ధతి, గొట్టానికి మూత లేని రోజుల్లో పుట్టింది. అది పనిచేయాలంటే సర్వర్ దగ్గర పాస్‌వర్డ్ అసలు రూపంలోనో దానికి సమానమైన రూపంలోనో దాచి ఉండాలి. మేం హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి దాస్తాం, కాబట్టి ఆ పద్ధతి మా దగ్గర లేదు. ఎక్కువ భద్రంగా వినిపించే మాట వెనక తక్కువ భద్రమైన ఏర్పాటు ఉందని ఎవరు ఊహిస్తారు? ‘ఈ సర్వర్ ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్‌లను ఒప్పుకోదు, నార్మల్ పెట్టి చూడండి’ అన్న అర్థంతో ప్రోగ్రాం స్వయంగా ఒక పెట్టె చూపిస్తుంది కూడా. అది పొడుగాటి ఇంగ్లీషు పెట్టె, కింద ఓకే బటన్. మూడు రోజులుగా ఇలాంటి పెట్టెలు చూసి చూసి విసిగిపోయిన మనిషి ఏం చేస్తారో మనకు తెలుసు.

గురువారం ఆవిడ వచ్చినప్పుడు మావాడు దీన్ని పట్టుకున్నాడు. నార్మల్‌కు మార్చాడు, ఎస్‌ఎంటీపీ పాస్‌వర్డ్ సరిచేశాడు, అన్నీ పనిచేశాయి. కారణం దొరికిందని ఫిర్యాదు టికెట్ మూసేశాం. క్యాంపస్‌లో కూర్చుని పరీక్షించామన్న సంగతి మాకు తట్టలేదు.

శుక్రవారం రాత్రి మళ్ళీ ఫోన్.

ఇక అక్కడినుంచి మా అనుమానాలన్నీ ఆవిడ ఇంటి మీద పడ్డాయి. క్యాంపస్‌లో పనిచేస్తుంది, ఇంట్లో పనిచేయదు. ఇంట్లోనే వెబ్‌మెయిల్ పనిచేస్తుంది, ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రాం పనిచేయదు. ఇవి రెండూ పక్కపక్కన పెడితే ఎవరికైనా రెండే తోస్తాయి: ఇంటర్నెట్ కంపెనీ మెయిల్ పోర్టులు ఆపుతోంది, లేదా ల్యాప్‌టాప్‌లోని యాంటీవైరస్ అడ్డుపడుతోంది. ఇళ్ళ కనెక్షన్ల మీద 25వ పోర్టు మూసేయడం చాలాచోట్ల ఉన్నదే, స్పామ్‌ను ఆపడానికి. కానీ 587, 993 మూయడం అరుదు. అరుదని తెలిసీ 587 తీసి 465 పెట్టించాం. యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ ఆపించాం. కొత్త ప్రొఫైల్ చేయించాం. ప్రతిదానికీ ఒక్కోసారి పనిచేసింది, ఒక్కోసారి పనిచేయలేదు.

మమ్మల్ని బాగా దారి తప్పించింది రౌటర్. ఆదివారం విసుగొచ్చి మేడమ్ రౌటర్ స్విచ్ ఆపి వేశారు. వెంటనే మెయిల్ వచ్చేసింది! ‘రౌటర్‌దే సమస్య’ అని ఆవిడా, మావాడూ ఇద్దరూ తేల్చేశారు. అరగంట తర్వాత మళ్ళీ ఆగింది. మళ్ళీ ఆపి వేశారు, మళ్ళీ వచ్చింది. సోమవారం ఆవిడ నాతో మాట్లాడినప్పుడు కొత్త రౌటర్ కొనాలా అని అడిగారు. కొనండి అని చెప్పడానికి నోటిదాకా వచ్చింది.

ఎక్కడ మలుపు తిరిగింది

అప్పుడు కేసు నా చేతికి తీసుకున్నాను. మొదట ఒక నియమం పెట్టాను: కారణం తెలిసేదాకా ఎవరూ ఏ సెట్టింగూ మార్చకూడదు, పాస్‌వర్డ్ అసలే ముట్టకూడదు. వారం రోజుల్లో మేం ఎన్ని మార్చామంటే, ఏ మార్పు ఏ ఫలితానికి కారణమో చెప్పలేని స్థితికి వచ్చాం. ఆగి చూస్తే తప్ప దారి లేదు.

మేడమ్‌ను ఒక్కటే అడిగాను. ‘ఈ రాత్రి ఏమీ సరిచేయొద్దు మేడమ్. పనిచేసినప్పుడల్లా టైమ్ రాయండి, ఆగినప్పుడల్లా టైమ్ రాయండి. తెర మీద ఏం రాసి ఉందో ఫోన్‌తో ఫోటో తీయండి.’

మంగళవారం ఉదయం ఒక కాగితం, నాలుగు ఫోటోలు తెచ్చారు. పరిశోధన చేసిన మనిషి కదా, పట్టికలా గీసి తెచ్చారు. సాయంత్రం 7 గంటలకు పనిచేస్తోంది, 7.40కి ఆగింది, 8.40కి వచ్చింది, 9.15కి ఆగింది, 10.15కి వచ్చింది. ఫోటోల్లో నాలిగింట్లోనూ ఒకే సందేశం, కనెక్షన్ తిరస్కరణ. పాస్‌వర్డ్ ఊసే లేదు.

ఈ రెండూ కలిసి నాకు చాలా చెప్పాయి. పాస్‌వర్డ్ తప్పైతే సర్వర్ దాకా వెళ్ళి, మాట్లాడి, తిట్లు తిని రావాలి. సర్టిఫికెట్ తేడా ఐతే హెచ్చరిక పెట్టె రావాలి. పోర్టు కంపెనీ మూసి ఉంటే ఎప్పుడూ పనిచేయకూడదు. ఇక్కడ గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతున్నారు, అదీ గడియారం పెట్టినట్టు గంటసేపు. గంట అన్న అంకె చూడగానే ఫెయిల్‌టుబ్యాన్ గుర్తొచ్చింది, ఆ అంకె రాసింది నేనే కాబట్టి. రౌటర్ మహత్యం కూడా అప్పుడే విడిపోయింది. ఆపి వేసినప్పుడల్లా ఇంటికి కొత్త ఐపీ చిరునామా వస్తోంది, పాత చిరునామా మీద వేసిన నిషేధం దానికి వర్తించదు.

ఫెయిల్‌టుబ్యాన్ లాగ్ తెరిస్తే అన్నీ వరసగా ఉన్నాయి: ఆవిడ ఇంటి చిరునామా, మూత, గంట తర్వాత విడుదల, మళ్ళీ మూత. ఆవిడ రాసిన కాగితంతో నిమిషాలతో సహా సరిపోయాయి.

సరే, మూత పడుతోంది. తప్పు లాగిన్లు ఎవరు చేస్తున్నారు? మావాడు అంతకుముందే డవ్‌కాట్ లాగ్‌లో ఆవిడ పేరుతో వెతికాడు. ఇంటి చిరునామా నుంచి తప్పు పాస్‌వర్డ్‌లు చూశాడు, ‘ఇదిగో, మేడమ్ తప్పు టైప్ చేస్తున్నారు’ అనుకున్నాడు. వెతికినది దొరికింది, దొరికినది ఊహకు సరిపోయింది, అక్కడ ఆగిపోయాడు. నేను అదే లాగ్‌ను పేరుతో కాకుండా సమయంతో చూశాను. నిషేధం లేని వేళల్లో కచ్చితంగా 15 నిమిషాలకొకసారి, ప్రతిసారీ రెండేసి తప్పు ప్రయత్నాలు. రాత్రి 11కి, 2కి, తెల్లవారుజామున 3 దాటాక కూడా. మనిషి ఇలా టైప్ చేయదు. ఆ వేళకు ల్యాప్‌టాప్ మూసేసి ఉంటుంది.

లెక్క కూడా కుదిరింది. మొదటి తనిఖీకి రెండు తప్పులు, పావుగంట తర్వాత నాలుగు, అరగంటకు ఐదు దాటుతుంది, మూత. విడుదలయ్యాక తర్వాతి తనిఖీ పావుగంటలోపు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, పనిచేసే వ్యవధి అరగంటకూ ముప్పావు గంటకూ మధ్య ఊగుతుంది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. ‘మీ ఫోన్‌లో మన మెయిల్ ఉందా?’ అంటే లేదన్నారు. ‘ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా?’ అంటే లేదన్నారు. ఇక్కడ ప్రశ్న మార్చాల్సి వచ్చింది. ‘మెయిల్ ఎక్కడెక్కడ ఉంది’ అని అడిగితే మనిషి తను మెయిల్ చదివే చోట్లే చెబుతారు. అందుకని, ‘ఇంట్లో వైఫై ఉన్న వస్తువులు ఒక్కొక్కటీ చెప్పండి, మెయిల్‌తో సంబంధం లేకపోయినా పరవాలేదు’ అన్నాను. ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు, టీవీ. కాసేపు ఆగి, ‘పిల్లలు బొమ్మల వీడియోలు చూసుకునే పాత ట్యాబ్లెట్ ఒకటుంది, దానికీ దీనికీ ఏం సంబంధం లేదులెండి’ అన్నారు.

అదే. కొన్నేళ్ళ కిందట ఏదో ప్రయాణానికి ముందు అందులో విశ్వవిద్యాలయం మెయిల్ పెట్టుకున్నారు, తర్వాత మర్చిపోయారు. పాత పాస్‌వర్డ్‌తో పావుగంటకొకసారి తలుపు తడుతూనే ఉంది. పాత సర్వర్‌కు నిషేధాలు లేవు, పాత పాస్‌వర్డ్ చెల్లుతూనే ఉంది, కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ కనిపించలేదు. సర్వర్ పేరు పాతదే అయినా సర్టిఫికెట్ దగ్గర ఎందుకు ఆగలేదని నాకు సందేహం వచ్చింది. తీసి చూస్తే సెక్యూరిటీ దగ్గర ‘అన్ని సర్టిఫికెట్లూ ఒప్పుకో’ అన్న ఎంపిక పెట్టి ఉంది. ఎదుట ఉన్నది మా సర్వరో, దారిలో ఎవరో పెట్టిన దొంగ సర్వరో చూడకుండా పాస్‌వర్డ్ చేతిలో పెట్టేసే ఏర్పాటు అన్నమాట. ఇన్ని రోజుల రభసలో నన్ను నిజంగా భయపెట్టినది ఇదొక్కటే.

ట్యాబ్లెట్‌లోంచి ఖాతా తీసేయించాను. పాస్‌వర్డ్ అప్పుడు మార్చాం, ఈసారి కారణం ఉంది కాబట్టి. మార్చేముందు ఏయే చోట్ల కొత్తది ఎక్కించాలో కాగితం మీద రాసుకున్నాం: ల్యాప్‌టాప్‌లో ఐమ్యాప్, ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎంటీపీ, ఆఫీసు డెస్క్‌టాప్. ఆ సాయంత్రం నుంచి లాగ్‌లో ఆ జంట తప్పులు కనిపించలేదు.

పదిహేనో రోజు

కేసు ఇక్కడితో అయిపోవాలి. కాలేదు.

సర్వర్ మారి సరిగ్గా రెండు వారాలు దాటాక ఒక సోమవారం ఉదయం మేడమ్ ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఇన్‌బాక్స్ ఖాళీ. ల్యాప్‌టాప్‌లోనూ ఖాళీ, వెబ్‌మెయిల్‌లోనూ ఖాళీ. దాదాపు ఆరు వేల ఉత్తరాలు పోయాయి. ఆ రెండు వారాల్లో వచ్చినవి కొన్ని మాత్రం మిగిలాయి. మిగతా ఫోల్డర్లు చెక్కుచెదరలేదు.

ట్యాబ్లెట్ ఉదంతం బుర్రలో ఉంది కాబట్టి నేను మొదట అనుకున్నది ఖాతా ఎవరి చేతిలోనో పడిందని. కానీ దొంగ ఇన్‌బాక్స్‌లో పాతవే ఏరి తీసేసి, మిగతా ఫోల్డర్లు వదిలేస్తాడా? ఇన్‌బాక్స్ ఒక్కటే తెలిసినది, ఫోల్డర్లు అనేవి ఉంటాయనే తెలియనిది ఒకటే ఉంది, అది పాప్. డవ్‌కాట్ పాప్ సెషన్ ముగిసినప్పుడు ఎన్ని తెచ్చుకున్నారు, ఎన్ని తుడిచేశారు అని లాగ్‌లో ఒక వరుస రాస్తుంది. ఆ ఉదయం ఆఫీసు తెరిచిన కాసేపటికి, ఆఫీసు డెస్క్‌టాప్ చిరునామా నుంచి, తుడిచినవి అన్నచోట ఆరు వేలకు దగ్గరగా అంకె.

మావాడు కొత్తగా వేసిన ప్రోగ్రాంలో పాప్ ఖాతాకు రెండు టిక్కులు ముందే పెట్టి వస్తాయి: ‘సర్వర్‌లో కాపీ ఉంచు’, దాని కిందే ‘14 రోజుల తర్వాత సర్వర్ నుంచి తీసేయి’. మొదటిది చూసి మనం నిశ్చింతగా ఉంటాం. రెండోది లెక్క మొదలుపెట్టేది ఉత్తరం వచ్చిన తేదీ నుంచి కాదు, ఆ ప్రోగ్రాం దాన్ని దించుకున్న తేదీ నుంచి. కొత్తగా వేసిన రోజు ఇన్‌బాక్స్ మొత్తం ఒక్కసారే దించుకుంది కదా. పద్నాలుగు రోజులు దాటాక మొత్తం ఒక్కసారే తుడిచేసింది. పాత ప్రోగ్రాంలో ఆ రెండో టిక్కు ఎవరో ఎప్పుడో తీసేసి ఉంటారు. పాత సెట్టింగులు ఒకసారి చూసుకుని తీసి ఉంటే తెలిసేది.

వెంటనే డెస్క్‌టాప్‌లో ప్రోగ్రాం మూయించి, దాని ప్రొఫైల్ ఫోల్డర్‌ను బయటి డిస్క్ మీదికి కాపీ చేశాను. ఏది పనిచేసినా చేయకపోయినా ఒక పూర్తి కాపీ చేతిలో ఉండాలి.

తిరిగి ఎక్కించడానికి రెండు దారులు. డెస్క్‌టాప్‌లోనే ఐమ్యాప్ ఖాతా కూడా పెట్టి, దించుకున్న ఉత్తరాలను అందులోకి లాగి వదలడం మొదటిది. సులభం కాబట్టి అదే మొదలుపెట్టాను. మూడు వందలు ఎక్కాక ఆపేశాను. ఎక్కినవన్నీ ఆ రోజే అందినట్టు చూపిస్తున్నాయి. పైగా ఆవిడ ఏవి చదివారు, వేటికి జవాబిచ్చారు అన్న గుర్తులేవీ లేవు. పాప్‌కు ఆ సంగతులు తెలియవు, ఆఫీసు మిషన్‌లో ఉన్నవి ఆఫీసు వాళ్ళ గుర్తులు. జవాబివ్వాల్సిన ఉత్తరాలను గుర్తుల ఆధారంగా చూసుకునే మనిషికి ఆరు వేల ఉత్తరాలు అలా తిరిగివ్వడమంటే పుస్తకాలన్నీ తిరిగిచ్చి వరస చెడగొట్టినట్టే.

రెండో దారి ముందు రాత్రి బ్యాకప్. తుడుపు ఆ ఉదయమే జరిగింది కాబట్టి బ్యాకప్‌లో అన్నీ ఉన్నాయి. మా నిల్వ మెయిల్‌డిర్ పద్ధతిలో ఉంటుంది: ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు, చదివారా జవాబిచ్చారా అన్న గుర్తులు ఫైలు పేరు చివరే ఉంటాయి. అందిన సమయంగా డవ్‌కాట్ చూసేది ఫైలు తేదీని. కాబట్టి తేదీలు మారకుండా కాపీ చేస్తే గుర్తులూ, సమయాలూ రెండూ నిలుస్తాయి. అంతకుముందు ఎక్కించిన మూడు వందలు తీసేసి, పోయిన ఫైళ్ళను మాత్రమే తిరిగి పెట్టాం. మొత్తం మెయిల్ డబ్బాను బ్యాకప్‌తో మార్చేస్తే ఆ ఉదయం వచ్చిన కొత్త ఉత్తరాలు పోతాయి.

దానికీ ముందు చేయాల్సిన పని ఒకటి దాదాపు మర్చిపోయాను. తిరిగి పెట్టిన ఉత్తరాలకు సర్వర్ కొత్త సంఖ్యలు ఇస్తుంది. పాప్ ప్రోగ్రాంకు అవన్నీ ఎన్నడూ చూడని ఉత్తరాల్లా కనిపిస్తాయి. మళ్ళీ దించుకుంటుంది, మరో 14 రోజులకు మళ్ళీ తుడిచేస్తుంది. కాబట్టి పునరుద్ధరణ కంటే ముందు ఆ డెస్క్‌టాప్‌లో పాప్ ఖాతా తీసేయాలి.

తీసేస్తామంటే ఆఫీసు సహాయకుడు ఒప్పుకోలేదు. అప్పుడుగానీ అడగలేదు, అసలు అక్కడ పాప్ ఎందుకుందని. ఒకప్పుడు డబ్బా పరిమాణం చాలా చిన్నదిగా ఉండేది. నిండిపోకుండా ఉత్తరాలు ఆఫీసు మిషన్‌లోకి దించి, శాఖకు సంబంధించినవి ప్రింటు తీసి ఫైలు చేసేవారు. పరిమాణం పెరిగింది, అలవాటు మిగిలింది. ఆయనకు కావలసినది మేడమ్ డబ్బా మొత్తం కాదు, శాఖ ఉత్తరాలు మాత్రమే. శాఖకు వేరే మెయిల్ చిరునామా ఇచ్చి, ఆవిడ డబ్బాలో సర్వర్ వైపే ఒక సీవ్ (ఉత్తరాలను వేరుచేసే) నియమం రాసి, ఆ రకం ఉత్తరాల నకలు అటు వెళ్ళేలా చేశాం. ఆవిడ పాస్‌వర్డ్ ఇంకొకరికి తెలియాల్సిన అవసరం కూడా దాంతో పోయింది.

మేం మార్చుకున్నవి

ఫోన్ ఎత్తేవాళ్ళకు ఇప్పుడు పాస్‌వర్డ్ రీసెట్ చివరి మెట్టు. మొదటి ప్రశ్న ‘తెర మీద ఉన్నది అక్షరం పొల్లుపోకుండా చదవండి’. అది కనెక్షన్ గురించా, సర్టిఫికెట్ గురించా, లాగిన్ గురించా అన్నది తేలాకే రెండో ప్రశ్న. రావడం ఆగిందా, వెళ్ళడం ఆగిందా విడిగా అడుగుతారు, ఎందుకంటే అవి రెండు వేరే సర్వర్ ప్రోగ్రాములు, రెండు వేరే పాస్‌వర్డ్ అరలు. ఇంట్లో వచ్చిన సమస్యను క్యాంపస్‌లో పరీక్షించి టికెట్ మూయడానికి వీల్లేదు. కనీసం ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టి చూడాలి.

ఫెయిల్‌టుబ్యాన్ అంకెల గురించి మాలో మాకు ఇంకా వాదన నడుస్తోంది. సడలిస్తే బయటివాళ్ళ దాడులకు వీలు, బిగిస్తే మరచిపోయిన ట్యాబ్లెట్లకు శిక్ష. ప్రస్తుతానికి అంకెలు అలాగే ఉంచి, మా వాడుకరి పేరుతో వచ్చిన తప్పుల వల్ల మూత పడితే ఆ వాడుకరి డబ్బాలోకే ఒక ఉత్తరం వెళ్ళేలా చిన్న స్క్రిప్టు రాశాను: ‘మీ ఖాతా పేరుతో ఏదో పరికరం పాత పాస్‌వర్డ్ వాడుతోంది, ఈ చిరునామా నుంచి, ఇంతసేపటికొకసారి’ అని. వెబ్‌మెయిల్ ఎటూ తెరుచుకుంటుంది కాబట్టి చదవగలరు.

థండర్‌బర్డ్ లాంటివి వెతుక్కునే ఆటోకాన్ఫిగ్ ఫైలు కూడా పెట్టాం. మెయిల్ చిరునామా రాస్తే చాలు, సర్వర్ పేరు, 993, 587, నార్మల్ పాస్‌వర్డ్ అన్నీ వాటంతటవే వస్తాయి. ఆ ఫైల్లో పాప్ వివరాలు పెట్టలేదు. కావాలన్నవాళ్ళు మా దగ్గరికి రావాలి. వస్తే ముందు ఎందుకని అడుగుతాం, తర్వాత ఆ రెండో టిక్కు తీసి ఇస్తాం.